ఒక చేతి తొమ్మిది సంతకాలు

బాలన్న మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదనను. కానీ ఆ ఒక్క మాట అనేసి చేతులు దులుపుకునేవాళ్ళు అతనితో ఆ ఎనిమిది రోజులు తిరిగినవాళ్ళు కారు. నేను తిరిగాను. అందుకే ఇది నేను రాయాల్సి వచ్చింది.

నా పేరు అమ్మిరాజు. మాది తుని దగ్గర. బహ్రెయిన్‌లో తుబ్లీ అనే చోట పోర్టా క్యాబిన్లు చేసే వర్క్‌షాపులో టైంకీపర్ని. ఇనుప చట్రానికి రేకు పలకలు బిగించి, కిటికీ, తలుపు, ఏసీ పెట్టి గది చేస్తే, దాన్ని లారీ మీద ఎక్కించి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. వర్క్‌షాపు వెనకే మా క్యాంపు. ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి అందరూ నన్ను సారు అంటారు. ఇంతకంటే నాలో సారుతనం ఏమీ లేదు.

బాలన్నది మెట్‌పల్లి పక్క పల్లె. తొంభై ఆరులో వచ్చాడు. వెల్డింగులో మంచి చెయ్యి. అయితే క్యాంపులో అతనికి పేరు తెచ్చింది వెల్డింగు కాదు, రాత. ఆ రాత అతనికి బడిలో రాలేదు. వాళ్ళ ఊళ్ళో వయోజన విద్య కేంద్రం పెట్టినప్పుడు భార్య ముత్తవ్వ బీడీలు చుట్టే పని అయ్యాక పలక పట్టుకుని పోయేదట. ఆమెను ఇంటికి తీసుకురావడానికి ఇతను వెళ్ళి బయట అరుగు మీద కూర్చునేవాడు. లోపల ఆడవాళ్ళకు చెప్పే పాఠం బయట ఇతనికి పట్టుబడింది. ఆర్నెల్లకు ముత్తవ్వ మానేసింది, బాలన్న ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా కాస్త సిగ్గుపడి నవ్వేవాడు.

అతని గదిలో తనతో కలిపి తొమ్మిది మంది. అందరూ అటు జగిత్యాల, మెట్‌పల్లి వైపు వాళ్ళే. అందులో చాలామందికి పేరు రాయడం రాదు. ఒకసారి ఆఫీసులో పోశన్న జీతం షీటు మీద బొటనవేలు వేస్తుంటే అక్కడున్న గుమాస్తా ఒకడు ‘అంగూఠా ఛాప్’, వేలిముద్రగాడు అని నవ్వాడు. పోశన్న ఆరడుగుల మనిషి. వెల్డింగు నిప్పురవ్వ చొక్కాలో పడ్డా కిక్కురుమనడు. ఆ రోజు మాత్రం అన్నం తినలేదట. మర్నాటినుంచి అతని సంతకం బాలన్న చేయడం మొదలుపెట్టాడు. తర్వాత నెమ్మదిగా గదిలో అందరివీ. కంపెనీ తరఫున వీసాల పని, కాగితాల పని చూసే పీఆర్వో ఇంతియాజ్ గురువారం సాయంత్రం కాగితాల కట్ట తెచ్చి ఇచ్చేవాడు. ఒకడు స్నానంలో, ఒకడు పప్పు దగ్గర, ఇంకొకడు ఫోన్ కార్డు గీకుతూ ఉండేవాడు. బాలన్న మంచం మీద మఠం వేసుకుని తొమ్మిదీ కానిచ్చేవాడు.

ఎలా పడితే అలా కాదు. ఒక్కొక్కడికీ ఒక్కో తీరు పెట్టాడు. ఒకడికి చిన్న అక్షరాలు, ఒకడికి కింద గీత, మాటిమాటికీ తొందరపడేవాడికి వాలు రాత. పోశన్న పొడుగు కాబట్టి చివరి ‘న్న’ వత్తును తోకలాగా కిందికి లాగేవాడు. ఆరేళ్ళలో ఆ తోక ఒక్కసారి కూడా మారలేదు. జీతం షీటు, సెలవు ఫారం, బ్యాంకు కాగితం, చివరికి రెండువేల రెండులో పాస్‌పోర్టు మార్పించిన దరఖాస్తు మీద కూడా అదే. ఇంతియాజ్‌కు తెలియదా అంటే తెలుసు. తొమ్మిది మంది చుట్టూ తిరిగే శ్రమ తప్పింది కదా, చూడనట్టు ఊరుకున్నాడు. నాకూ తెలుసు. నేనూ ఊరుకున్నాను.

రెండువేల మూడు మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. జుఫైర్ వైపు అమెరికా వాళ్ళ నౌకా స్థావరం ఉంది కాబట్టి మా క్యాంపులో అందరికీ అదే మాట. ఇంతియాజ్ చదివి పారేసిన పేపరు నేను తెచ్చుకుని చదువుతుంటే బాలన్న వచ్చి పక్కన కూర్చునేవాడు.

“సారు, పోలీసోళ్లు వారెంటు లేకుంట ఇంట్ల సొస్తె తప్పంటరు గద. మరి ఒగ దేశమోళ్లు ఇంకో దేశంల సొస్తె ఎవలు అడగాలె?”

“ఐక్యరాజ్యసమితని ఒకటుంది బాలన్నా. అది అడగాలి.”

“అడిగిందా?”

“పాత తీర్మానాలే చాలని అమెరికా వాళ్ళంటున్నారు. చాలవు, మళ్ళీ ఒప్పుకోవాలని మిగతావాళ్ళంటున్నారు. తేలలేదు.”

“తేలకముందే సొచ్చిన్రు గద?”

“మా దేశ భద్రతకు ముప్పుంది, అందుకే పోయామంటున్నారు.”

“ముప్పున్నదని ఎవలు జెప్పిన్రు? సొచ్చినోళ్లేనా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. జవాబు తెలియనప్పుడు నాకు వచ్చేది కోపమే. “నీకెందుకయ్యా ఇవన్నీ, వెల్డింగు చూసుకో” అన్నాను. అతను లేచి వెళ్ళిపోయాడు గాని మరునాడు మళ్ళీ వచ్చాడు.

మరుసటి ఏడాది ఆ యుద్ధమే మా వర్క్‌షాపు దాకా వచ్చింది. ఇరాక్‌లో సైన్యం ఉండే క్యాంపులకు క్యాబిన్లు కావాలట. కువైట్‌లో ఒక కంపెనీకి ఆ కాంట్రాక్టు, ఆ కంపెనీ దగ్గర మాకు ఆర్డరు. నిజం చెప్పాలంటే అందరం సంతోషించాం. ఓవర్‌టైం దొరికింది. ఆ తర్వాత జూలైలో ఇరాక్‌లో మన డ్రైవర్లు ముగ్గురిని బందీలుగా పట్టుకున్నారు. టీవీలో వాళ్ళ మొహాలు చూశాం. ఎవరూ ఇరాక్ పోకూడదని మన ప్రభుత్వం నిషేధం పెట్టింది. మేం పోయేవాళ్ళం కాదు కదా, మనకేంటిలే అనుకున్నాం. క్యాబిన్లు పోతున్నాయి, మేం ఇక్కడే ఉన్నాం.

ఆగస్టు చివరి గురువారం ఇంతియాజ్ ఎప్పటిలాగే కట్ట తెచ్చాడు. ఈసారి మనిషికో ఇంగ్లీషు కాగితం ఎక్కువగా ఉంది.

“ఏం కాయిదాలు భాయ్ ఇవి?” అని బాలన్న అడిగాడట.

“ఫార్మాలిటీ బాలన్నా. యల్లా, జల్దీ చేయి” అన్నాడట ఇంతియాజ్. బాలన్న చేశాడు. తొమ్మిది మందివీ.

ఆ తర్వాతి బుధవారం నోటీసు బోర్డు మీద ఆరు పేర్లు పెట్టారు. క్యాబిన్లు బిగించడానికి ‘నార్త్ సైట్’కు పోవాల్సినవాళ్ళు. మరుసటి గురువారం కువైట్‌కు విమానం. మా గదుల వైపు నుంచి ఒక్కటే పేరు. పోశన్న.

పోశన్న ఆ కాగితం నకలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పక్కన బాలన్న. నేను చదువుతూ తెలుగులో చెప్పుకుపోయాను. సైనిక చర్య జరుగుతున్న ప్రాంతాలతో సహా కంపెనీ చెప్పిన ఏ సైటుకైనా పోవడానికి ఇష్టపడుతున్నాను. ప్రమాదం సంగతి నాకు తెలుసు. ఏం జరిగినా కంపెనీ మీద గాని, కాంట్రాక్టరు మీద గాని, సైన్యం మీద గాని దావా వేయను. భద్రతా కారణాల వల్ల సైటు పేరు నాకు గాని, నా కుటుంబానికి గాని చెప్పనవసరం లేదని ఒప్పుకుంటున్నాను. కింద సంతకం. తోక ఉన్న ‘న్న’.

“నేను ఒప్పుకోలే గద సారు” అన్నాడు పోశన్న. అతను బాలన్న వైపు చూడలేదు. కావాలనే చూడలేదు.

బాలన్న ఆ కాగితాన్ని తీసుకుని ఆ తోకనే చూస్తూ నిలబడ్డాడు. “గౌరవ్వకు ఏం జెప్పాలెరా” అన్నాడు చివరికి. గౌరవ్వ పోశన్న భార్య. బాలన్నకు వరసకు చెల్లెలు. పోశన్నను దుబాయికి పంపమని ఆమెను ఒప్పించింది బాలన్నే. వాళ్ళకు బహ్రెయిన్ అయినా దుబాయే.

శనివారం ముగ్గురం ఇంతియాజ్ దగ్గరికి పోయాం. ఇంతియాజ్ హైదరాబాదు మనిషి. నవ్వుతూ మాట్లాడతాడు, అదే అతనితో చిక్కు. పోశన్న సంతకం చేయలేదని నేను అన్నాను. అతను బీరువాలోంచి ఫైలు తీసి బల్ల మీద పరిచాడు. ఆరేళ్ళ కాగితాలు. అన్నిటి మీదా అదే సంతకం.

“చూడండి రాజు భాయ్. ఇవన్నీ పోశన్నవే కదా? ఇది ఒక్కటే కాదంటే ఎట్లా? పాస్‌పోర్ట్ మీద కూడా ఇదే దస్కత్. కాదంటే పాస్‌పోర్టే దొంగది అయిపోతది. పరేషాన్ కావద్దు. మూడు నెలలు, ఖలాస్.”

 లోకంలో పోశన్న సంతకమంటూ ఏదైనా ఉంటే అది అదే. బాలన్న అంత జాగ్రత్తగా చేసి పెట్టాడు. ఒక్కసారన్నా చెయ్యి వణికి ఉంటే బాగుండేదని ఆ రోజు నేను తిట్టుకున్నాను. బాలన్నను కూడా పైకే తిట్టాను. 

ఆదివారం మన ఎంబసీకి పోయాం. అక్కడ కళ్ళద్దాల అధికారి ఒకాయన ఓపికగానే విన్నాడు. హిందీలో మాట్లాడాడు. నిషేధం ఉంది, పంపకూడదు, అది నిజం. కానీ కాగితాల్లో కువైట్ అని ఉంటే ఇక్కడ ఎవరూ ఆపరు. కువైట్ నుంచి రోడ్డు మీద సరిహద్దు దాటిస్తే మన ఇమిగ్రేషన్ కౌంటరు వాళ్ళెవరూ చూడరు.

బాలన్న నన్ను మోచేత్తో పొడిచాడు. “గాడ ఏమన్న అయితె ఏ కోర్టుల పడుతది, అడుగు సారు.”

అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. విదేశీ సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్ల మీద అక్కడి కోర్టులు విచారణ చేయకూడదని ఒక ఉత్తర్వు ఉందట. ఆ సైన్యం తాలూకు దేశంలో కేసు వేయాలంటే, ఇతన్ని పనిలో పెట్టుకుంది వాళ్ళు కాదు, కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు. బహ్రెయిన్ లేబర్ కోర్టుకు పోతే, ప్రమాదం ఇక్కడ జరగలేదంటారు. మన దేశంలో అడిగితే, వద్దన్న చోటికి ఎందుకు పోయావంటారు.

“అంటె గాడ పోశన్న ఎవ్వలకు కానట్టేనా?” అన్నాడు బాలన్న తెలుగులోనే. ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

ఫిర్యాదు రాసి ఇస్తే కంపెనీకి లేఖ రాస్తానని ఆయన కాగితం ఇచ్చాడు. నేను రాశాను. కింద సంతకం పెట్టమన్నాడు. పోశన్న పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పాస్‌పోర్టు నకలు మీద ఆయన వేలు పెట్టి చూపించాడు. “ఇలాగే పెట్టాలి.”  బాలన్న అటు తిరిగి నిలబడ్డాడు. రేపు వస్తామని చెప్పి బయటపడ్డాం.

బస్‌స్టాపులో బాలన్న కూర్చోలేకపోయాడు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకో బస్సు వచ్చింది, అదీ పోయింది. ఎండ మాడ్చేస్తోంది. “ఎక్కవయ్యా బాబూ” అని అరిచాను. “జెప్తె ఏమైతది సారు?” అని అడిగాడు. ఇంకొకడి పాస్‌పోర్టు మీద సంతకం చేయడం నేరమని చెప్పాను. ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. అతను తల ఊపాడు గాని విన్నట్టు లేదు. మరునాడంతా వర్క్‌షాపులో అతను బిగించిన రెండు కిటికీలు వంకర వచ్చాయి. ఎప్పుడూ అలా జరగలేదు.

మంగళవారం పొద్దున పోశన్నను వెంటబెట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి “నడువు సారు” అన్నాడు. ఆ రోజు నేను సెలవు చీటీ కూడా రాయలేదు.

కళ్ళద్దాల ఆయన ముందు బాలన్న నిలబడి తెల్లకాగితం అడిగాడు. వంగి, బల్ల మీద, పోశన్న సంతకం రాశాడు. దాని కింద మళ్ళీ రాశాడు. పదిసార్లు. పది తోకలు, అచ్చు ఒక్కలాగే. పెన్ను పక్కన పెట్టి, “గీ దస్కత్ నాది సారు. ఇగో, ఈయిన చెయ్యి జూడుండ్రి” అని పోశన్న చెయ్యి పట్టి ముందుకు లాగాడు. ఆ మాట నేను హిందీలో చెప్పాను. పోశన్నకు పెన్ను ఇచ్చారు. సున్నా కూడా చుట్టలేకపోయాడు. ఆరడుగుల మనిషి అందరి ముందూ ఏడ్చేశాడు. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

“మిగతావాళ్ళవీ నువ్వే చేస్తావా?” అని ఆయన అడిగాడు.

“లేదు సారు. మా రూముల అందరు మంచిగనే రాస్తరు” అన్నాడు బాలన్న. ఆ అబద్ధం చెప్పేటప్పుడు అతని గొంతు ఏమాత్రం తడబడలేదు.

బుధవారం మధ్యాహ్నానికి ఎంబసీ లేఖ కంపెనీకి అందింది. పోశన్న సమ్మతి లేదు, పంపవద్దు అని. ఆ సాయంత్రం గదిలో పండగ. కోడికూర వండారు, నన్ను పిలిచారు. బాలన్న వీసాను కంపెనీ వెంటనే క్యాన్సిల్ చేసింది, శుక్రవారం టికెట్. అయినా అతను ఇన్నాళ్ళకు కంచం నిండా తిన్నాడు. “పోశిగాడు బతికిండు. నాకింక ముత్తవ్వ వంటనే” అని నవ్వాడు. జైలు సంగతి ఏమైందని అడిగాను. కేసు పెట్టడం లేదని ఇంతియాజ్ చెప్పాడట. ఎందుకు పెట్టడం లేదో అతను అడగలేదు. అన్నీ అడిగే మనిషి అది మాత్రం అడగలేదు.

నాకు గురువారం పొద్దున తెలిసింది. ఇంతియాజ్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. అక్కడ పోశన్న నిలబడి ఉన్నాడు. బల్ల మీద కొత్త కాగితం, సిరాముద్ర డబ్బా.

“రాజు భాయ్, మేనేజర్ సాబ్ చాలా గుస్సాలో ఉన్నారు. నా నౌకరీ కూడా పోతది. పోలీస్ కేసు పెడితే బాలన్న ఒక్కడు కాదు, ఆ గదిలో అందరి ఫైళ్ళు బయటికి వస్తాయి. నాకు ఇష్టమా చెప్పండి? పోశన్న తన ఇష్టంతో కువైట్ పోతానంటే కేసు లేదు, ఏం లేదు. బాలన్న ఇంటికి పోతాడు, మిగతావాళ్ళు డ్యూటీ చేసుకుంటారు. కువైట్‌కు నిషేధం లేదు కదా?”

కాగితంలో ‘కువైట్, ఇంకా అక్కడినుంచి కంపెనీ నిర్ణయించే సైట్లు’ అని ఉంది. దాని కింద, ‘ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తిగా నా ఇష్టంతో’ అని ఉంది.

“వద్దు పోశన్నా” అన్నాను. అన్నాననే గుర్తు. గట్టిగా అన్నానో లేదో చెప్పలేను.

“అన్న జైలుకు పోతె ముత్తవ్వ వదినె ముంగట నేనెట్ల నిలవడుదు సారు? పోత. మూన్నెల్లే అంటున్నరు” అన్నాడు పోశన్న. ఈసారి సిగ్గుపడలేదు. బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తాడు.

వేలిముద్ర చదువురానివాడిది కాబట్టి, చదివి వినిపించిన సాక్షి ఒకడు కింద సంతకం పెట్టాలట. ఇంతియాజ్ పెన్ను నా వైపు జరిపాడు. పెట్టకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. అతను చెప్పనూ లేదు. ఇంతియాజ్ మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా ఆ క్షణంలో రాలేదు. నాకు ఇద్దరు పిల్లలు, వచ్చే నెల వీసా రెన్యువల్. పెట్టాను. ఇంగ్లీషులో, డిగ్రీ చదివినప్పటినుంచి పెడుతున్న సంతకం.

పోశన్న వేలిని వర్క్‌షాపులో థిన్నర్‌తో కడుక్కున్నాడు. “అన్నకు జెప్పద్దు సారు. తెలిస్తె ఇంటికి పోకుంట ఆగుతడు” అన్నాడు. మరునాడు బాలన్న పెట్టెను తనే మోసి క్యాంపు గేటు దాకా వచ్చాడు. బాలన్న నా చెయ్యి పట్టుకుని, “నీ రునం తీరదు సారు” అన్నాడు. నేను చెయ్యి లాక్కుని, వ్యాను ఆలస్యమవుతోందని డ్రైవరు మీద కేకలేశాను. మిగతా ఐదుగురు గురువారమే పోయారు, శనివారం పోశన్న ఒక్కడే కువైట్ విమానం ఎక్కాడు.

తర్వాత రెండు నెలలు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. హాజరు రాసేటప్పుడు పోశన్న పేరు ఉన్న గడి దగ్గర పెన్ను ఆగేది. ‘బయటి సైటు’ అని రాయాలి. రాసేవాణ్ణి. పేపరు చదవడం మానేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ మానేశాను. బాలన్న రెండుసార్లు ఫోన్ చేసి పోశన్నను పిలవమన్నాడు. డ్యూటీలో ఉన్నాడని చెప్పాను.

నవంబరు ఆఖర్లో ఇంతియాజ్ టేబుల్ మీద ఫ్యాక్స్ వచ్చింది. క్యాంపు మీద ఫిరంగి గుండు పడింది, పోశన్నకు తొడలో, పొట్టలో దెబ్బలు. ఎక్కడ అంటే భద్రతా కారణాల వల్ల చెప్పలేమని ఉంది. సైన్యం ఆసుపత్రిలో మొదటి చికిత్స చేశారు, ఇంక తీసుకుపొమ్మంటున్నారు. ఎవరు తీసుకుపోవాలి? కువైట్ కంపెనీ మమ్మల్ని చూపించింది. మా కంపెనీ వేలిముద్ర కాగితాన్ని చూపించింది. తన ఇష్టంతో పోయాడు, ఏమీ అడగనని ఒప్పుకున్నాడు.

ఆ కాగితం ఎంబసీకి కూడా చేరింది. కళ్ళద్దాల ఆయన నాకు ఫోన్ చేశాడు. “ఈ సాక్షి మీరేనా? ఒత్తిడి లేదన్నది నిజమేనా? నిజం కాకపోతే వచ్చి రాసివ్వండి. ఈ కాగితం పడిపోతే అతన్ని తీసుకొచ్చి వైద్యం చేయించమని కంపెనీని గట్టిగా అడగగలం. ఇది నిలబడినంత కాలం నా చేతులు కట్టేసినట్టే.” చూస్తానన్నాను. చూస్తూ పదకొండు రోజులు గడిపాను. పడుకుంటే లేచి కూర్చునేవాణ్ణి, కూర్చుంటే లేచి తిరిగేవాణ్ణి. తప్పుడు సాక్ష్యం కూడా నేరమే. ఏది నేరమో బాలన్నకు బస్‌స్టాపులో పాఠం చెప్పినవాణ్ణి నేనే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు ఫోన్ మోగింది. బాలన్న. ఈసారి నమస్తే కూడా అనలేదు.

“పోశన్న ఏ సైటుల ఉన్నడు సారు? గౌరవ్వ పొద్దటిసంది మా ఇంట్లనే కూసున్నది. నెల దాటింది ఫోన్ రాక. ఆమెకు ఏం జెప్పాలె?”

డ్యూటీ అని నోటిదాకా వచ్చింది గాని బయటికి రాలేదు. మొత్తం చెప్పాను. సిరాముద్ర డబ్బా, ఇంతియాజ్ అన్న మాటలు, థిన్నర్, ఫ్యాక్స్, కాగితం కింద సాక్షి ఎవరన్నది కూడా.   

“నా కోసం పోయిండా సారు వాడు?” అన్నాడు.

“అవును.”

“నువ్వు వద్దని జెప్పలేదా?”

“చెప్పాను. గట్టిగా చెప్పలేదు.”

 తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. “ఎంబసీకి పోయి జెప్తె గా కాయిదం సెల్లదా?” అని అడిగాడు. చెల్లదన్నాను. ఉద్యోగం పోతుందని, ఇంకా ఏమవుతుందో తెలియదని, పిల్లలున్నారని కూడా అన్నాను. నా నోటినుంచి అవి వస్తుంటే నాకే అసహ్యం వేసింది.

“నేను జెప్పిన గద సారు” అన్నాడు బాలన్న. “ఏమైంది? ఇంటికచ్చిన. గంతె.”

తర్వాత, “ఆమెకిస్తున్న, నువ్వే మాట్లాడు” అని ఫోన్ గౌరవ్వ చేతికిచ్చేశాడు. ఆమె “సారూ” అంది. ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. చాలా చిన్నపిల్ల గొంతులా ఉంది.

“మీ ఆయన బతికే ఉన్నాడమ్మా. దెబ్బలు తగిలాయి” అన్నాను. “తన ఇష్టంతో పోయాడని ఇక్కడ ఒక కాగితం ఉంది. దాని మీద సాక్షి సంతకం నాది. అది అబద్ధం. రేపు పొద్దున్నే ఎంబసీకి పోయి ఆ మాట రాసిస్తాను.”

 వెనక బాలన్న ఏదో చెబుతున్నాడు, ముత్తవ్వ కాబోలు ఏడుస్తోంది.

“రేపా సారు?” అంది గౌరవ్వ. “ఇయ్యాల బందా?”

“ఇక్కడ శుక్రవారం సెలవమ్మా” అన్నాను. “ఇవాళ బంద్.”